వెర్షన్ నంబర్ నిర్ణయం ఎవరిది: రిలీజ్ పద్ధతుల పోలిక, చిన్న బృందాలకు ఎంపిక సలహా

సాఫ్ట్‌వేర్ రాసేవారు మొదట్లో వెర్షన్ నంబర్‌ను పెద్దగా పట్టించుకోరు. నిన్నటిదాకా సరిగ్గా వచ్చిన బిల్లు ఇవాళ తేడా వస్తోందని కస్టమర్ ఫోన్ చేసినప్పుడే, ఆ కంప్యూటర్‌లో నడుస్తున్నది ఏ రోజు కోడ్ అన్న ప్రశ్న ఎదురవుతుంది. మిర్యాలగూడ రైస్ మిల్లుకు తూకం బిల్లుల సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఇద్దరు మనుషుల బృందానికైనా, నల్లగొండ ఐటీ టవర్‌లోనో మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లి టవర్‌లోనో కూర్చుని పనిచేసే సంస్థకైనా కావలసింది ఒకటే. బయటికి వెళ్లిన ప్రతి బిల్డ్‌కు, అంటే కోడ్ నుంచి వాడకానికి సిద్ధం చేసిన ప్రతి ప్రతికీ, మారని నంబర్ ఉండాలి. ఆ నంబర్ పట్టుకుని వెతికితే సరిగ్గా అదే కోడ్ దొరకాలి.

నంబర్ ఎంత వేయాలో నిర్ణయించడం ఒక పని. ఆ నంబర్‌తో బిల్డ్ చేసి, ప్యాకేజీని ఎక్కించడం మరో పని. ఈ రెండో పనిలో మనిషి చెయ్యి అసలు ఉండకూడదన్నది నా గట్టి అభిప్రాయం. మొదటి పనిలో మనిషి ఎంతవరకు ఉండాలన్న దగ్గరే పద్ధతులు విడిపోతాయి, ఈ పోలికంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

## ముందుగా చూసుకోవలసినవి

అన్నిటికంటే ముందు, మీ నంబర్‌ను చదివేది ఎవరో తేల్చుకోవాలి. లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్) అయితే చదివేది ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్), పిప్ (పైథాన్), కార్గో (రస్ట్) వంటి ప్యాకేజీ మేనేజర్లు. అవి నంబర్‌ను చూసి కొత్తది తెచ్చుకోవాలా వద్దా అని తామే నిర్ణయించుకుంటాయి. మిల్లులోని సాఫ్ట్‌వేర్ అయితే చదివేది అక్కడి గుమాస్తా, అది కూడా ఫోన్‌లో మీకు వినిపించడానికి. ఈ ఇద్దరు పాఠకులకు ఒకే నంబర్ అన్నిసార్లూ సరిపోదు.

రెండోది, పొరపాటున వెళ్లిన రిలీజ్‌ను వెనక్కి తీసుకోవడం ఎంతవరకు సాధ్యం అన్నది. పైథాన్ ప్యాకేజీల నిల్వ అయిన పైపీఐలో ఒకసారి ఎక్కించిన ఫైల్ పేరును, దాన్ని తొలగించినా సరే, మళ్లీ వాడుకోనివ్వరు. రస్ట్ ప్యాకేజీల నిల్వ అయిన క్రేట్స్ డాట్ ఐఓలో చెడిన వెర్షన్‌ను ‘యాంక్’ చేయడమే మామూలు దారి: కొత్తవారికి అది అందదు, పాతవారికి ఆగదు. 2016లో లెఫ్ట్‌ప్యాడ్ అనే చిన్న ప్యాకేజీని దాని రచయిత తీసేయడంతో ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి. ఆ తరువాత ఎన్‌పీఎం తొలగింపు నియమాలను కఠినం చేసింది. అదే మీ సొంత సర్వర్ మీద నడిచే సేవ అయితే పాత బిల్డ్‌కు నిమిషాల్లో తిరిగి వెళ్లవచ్చు. వెనక్కి తీసుకోలేని చోటికి పంపుతున్నకొద్దీ, పంపే ముందు మనిషి ఒకసారి చూడడం అవసరమవుతుంది.

ఒకే రిపోజిటరీలో (కోడ్, దాని చరిత్ర ఉండే నిల్వలో) ఎన్ని ప్యాకేజీలు ఉన్నాయన్నది మూడోది. నాలుగోది కమిట్ (కోడ్‌లో ఒక మార్పును భద్రపరచడం) సందేశాలు రాసే అలవాటు, దీని గురించి బృందం తనకు తాను నిజం చెప్పుకోవాలి. గత రెండు నెలల కమిట్ల జాబితాను తెరిచి చదవండి. ‘అప్‌డేట్’, ‘ఫైనల్’, ‘మళ్లీ ఫైనల్’ వంటివే ఎక్కువగా కనిపిస్తే, కమిట్ సందేశాలను చదివి నంబర్ వేసే సాధనాలు మీకు ఇప్పట్లో పనికిరావు.

## నంబర్ రూపం: మూడు అంకెలా, తేదీనా

సెమాంటిక్ వెర్షనింగ్ నియమాలను రాసినది గిట్‌హబ్ సహ వ్యవస్థాపకుడు టామ్ ప్రెస్టన్ వెర్నర్. మేజర్, మైనర్, ప్యాచ్ అనే మూడు అంకెల్లో, పాత వాడుకను తెంచే మార్పుకు మొదటిది, పాతదాన్ని చెడగొట్టకుండా కొత్త సౌకర్యం చేరిస్తే రెండోది, లోపాన్ని సరిచేస్తే మూడోది పెరుగుతుంది. ప్యాకేజీ మేనేజర్లు ఈ మాటను నమ్ముకునే పనిచేస్తాయి. ఎన్‌పీఎంలో ^1.4.2 అని రాస్తే 1.4.2 నుంచి పైకి, 2.0.0 కంటే తక్కువైన దేనినైనా అది తెచ్చుకుంటుంది. ^0.4.2 అని రాస్తే మాత్రం 0.5.0 కు ముందే ఆగిపోతుంది, ఎందుకంటే సున్నాతో మొదలైన వెర్షన్లలో ఏదైనా ఎప్పుడైనా మారవచ్చని నియమమే చెబుతోంది. వందల మంది వాడుతున్న లైబ్రరీని ఏళ్ల తరబడి 0.9 దగ్గరే ఉంచేయడం వాడుకరులకు అన్యాయం.

తేదీ ఆధారిత పద్ధతికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఉబుంటు. 2004 అక్టోబర్‌లో వచ్చిన మొదటిది 4.10, 2024 ఏప్రిల్‌లో వచ్చినది 24.04. పిప్ కూడా 2018లో 18.0 తో ఈ దారిలోకి వచ్చింది. మార్పు ఎంత పెద్దదో ఈ నంబర్ చెప్పదు, ఎంత పాతదో చెబుతుంది. వానాకాలం, యాసంగి సీజన్లకు ముందు ఒక్కొక్క రిలీజ్ ఇచ్చే మిల్లు సాఫ్ట్‌వేర్‌కు ఇదే బాగా నప్పుతుంది: గుమాస్తా 24.9 అని చదవగానే, అవతల నడుస్తున్నది 2024 వానాకాలం ధాన్యానికి ముందు ఇచ్చినదని మీకు అర్థమవుతుంది. ఒక జాగ్రత్త ఉంది. సెమాంటిక్ నియమాల్లో అంకెకు ముందు సున్నా చెల్లదు కాబట్టి ఎన్‌పీఎంలో 24.04.0 అని కాకుండా 24.4.0 అని రాయాలి. పైథాన్ ప్యాకేజీల్లో 24.04 అని రాసినా అది 24.4 గానే నమోదవుతుంది.

ఆండ్రాయిడ్‌లో ఈ గొడవను రెండు నంబర్లతో తీర్చారు. మనుషులకు కనిపించే వెర్షన్ నేమ్ మీ ఇష్టం. యంత్రం చూసే వెర్షన్ కోడ్ మాత్రం ప్రతిసారీ పెరిగే పూర్ణాంకం కావాలి, ప్లే స్టోర్‌లో దాని గరిష్ఠ పరిమితి 210,00,00,000. సంవత్సరం, నెల, తేదీ, ఆ రోజు వరుస సంఖ్య కలిపి 2024061501 లాగా రాసుకుంటే 2099 దాకా ఆ పరిమితి దాటదు, రెండు బిల్డ్‌లకు ఒకే కోడ్ పడే ప్రమాదమూ ఉండదు.

ఏ రూపం ఎంచుకున్నా, వెర్షన్లను పోల్చే కోడ్ మీరే రాస్తుంటే అంకెలను అంకెలుగా పోల్చండి. అక్షరాలుగా పోలిస్తే 1.10 కంటే 1.9 పెద్దదిగా తేలుతుంది, ఆటో అప్‌డేట్ అక్కడే నిలిచిపోతుంది.

## యంత్రానికి తెలియని మార్పు

సాధనాల్లోకి వెళ్లే ముందు ఒక మార్పును దగ్గరగా చూద్దాం. మిల్లుకు 8,430 కిలోల ధాన్యం వచ్చింది, క్వింటాలుకు కిలోన్నర చొప్పున తరుగు లెక్క కట్టాలి అనుకోండి. అది 126.45 కిలోలు. పాత కోడ్ దీన్ని పైకి జరిపి 127 చేసేది. ప్రోగ్రామర్ దీన్ని లోపంగా గుర్తించి, దగ్గరి కిలోకు సవరించి 126 వచ్చేలా చేశాడు. 2024-25లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు కాబట్టి, ఆ ఒక్క కిలో రైతుకు 23 రూపాయలు.

కమిట్ సందేశంలో అతను ‘ఫిక్స్’ అని రాస్తాడు, అందులో తప్పేమీ లేదు. ఫంక్షన్ పేరు మారలేదు, తీసుకునే విలువలు మారలేదు, తిరిగి ఇచ్చే రకం కూడా మారలేదు. నియమం ప్రకారం ఇది ప్యాచ్. కానీ ఇదే ఫంక్షన్‌ను వాడుకుని పాత బిల్లులను సరిచూసే నివేదిక ఒకటి ఉంటే, రేపటి నుంచి దాని మొత్తాలు ఖాతా పుస్తకంతో కలవవు. కాగితం మీదకు వచ్చే డబ్బు లెక్కను మార్చేది ఎంత చిన్నదైనా దాన్ని మేజర్ మార్పుగానే పరిగణించాలని నేను అంటాను. ఈ తీర్పు ఇవ్వగలిగేది మిల్లు వ్యవహారం తెలిసిన మనిషి. కమిట్ సందేశంలోని మొదటి పదాన్ని మాత్రమే చదివే సాధనానికి ఆ దారి లేదు. కింది ప్రతి పద్ధతినీ ఈ ఒక్క మార్పుతో పరీక్షించి చూస్తే తేడా తెలుస్తుంది.

## నాలుగు దారులు

చేత్తో ట్యాగ్, మిగతాది సీఐ. మనిషి గిట్‌లో (కోడ్ చరిత్రను భద్రపరిచే సాధనంలో) ఒక కమిట్‌కు వీ2.3.0 అని ట్యాగ్, అంటే పేరు గుర్తు, వేసి పుష్ చేస్తాడు. ఆ ట్యాగ్‌ను చూసిన సీఐ (ఇలాంటి పనులను తానే నడిపే వ్యవస్థ) పరీక్షలు నడిపి, బిల్డ్ చేసి, ఎక్కించాల్సిన చోటికి ఎక్కిస్తుంది. జావాస్క్రిప్ట్‌లో ఎన్‌పీఎం వెర్షన్ ఆదేశం ఫైల్‌లో నంబర్ మార్చడం, కమిట్, ట్యాగ్ మూడూ ఒకేసారి చేస్తుంది. పైథాన్‌లో బంప్ మై వెర్షన్ ఆ పనికి ఉంది. గో భాషలో గోరిలీజర్ ఒక ట్యాగ్ నుంచి వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లకు బైనరీలు తయారు చేస్తుంది. తరుగు మార్పు విషయంలో నంబర్ ఎంత పెంచాలో పూర్తిగా మీ చేతిలోనే ఉంటుంది. మరిచిపోవడం కూడా మీ చేతిలోనే ఉంటుంది: ట్యాగ్ వేసే మనిషి సెలవులో ఉంటే రిలీజ్ ఆగుతుంది, మార్పుల చిట్టా రాయడం వాయిదా పడుతూ పోతుంది.

ఇందులోనే ఒక చక్కని ఉపాయం, నంబర్‌ను ఫైల్‌లో రాయకుండా ట్యాగ్ నుంచే తీసుకోవడం. పైథాన్‌లో సెటప్‌టూల్స్ ఎస్‌సీఎం ఈ పని చేస్తుంది. 2.3.0 ట్యాగ్ తరువాత ఏడు కమిట్లు జరిగి ఉంటే, అది 2.3.1 కు ముందటి ఏడో డెవ్ (ఇంకా తయారీలో ఉన్న) బిల్డ్ అని తానే పేరు పెట్టి, చివర కమిట్ గుర్తును కూడా చేరుస్తుంది. ఫైల్‌లో ఒక నంబర్, ట్యాగ్‌లో మరో నంబర్ ఉండే అవస్థ దీంతో తప్పుతుంది. గిట్‌హబ్ యాక్షన్స్‌లో (గిట్‌హబ్ సొంత సీఐలో) దీన్ని వాడేవారు ఒకటి గమనించాలి. అక్కడి చెకౌట్ సాధారణంగా చివరి కమిట్‌ను మాత్రమే దించుతుంది, పాత ట్యాగ్‌లు రావు, దాంతో మీ 2.3.1 కాస్తా 0.1 డెవ్‌గా మారి బయటికి వెళ్తుంది. చెకౌట్ దశలో ఫెచ్ డెప్త్ విలువను 0 చేస్తే చరిత్ర మొత్తం దిగుతుంది.

సెమాంటిక్ రిలీజ్. ఇది రెండో కొస. మెయిన్ బ్రాంచ్‌లో (కోడ్ ప్రధాన శాఖలో) మార్పు కలిసిన ప్రతిసారీ సీఐలో నడిచి, గత ట్యాగ్ నుంచి వచ్చిన కమిట్లను చదువుతుంది. ‘ఫిక్స్’ ఉంటే ప్యాచ్, ‘ఫీట్’ ఉంటే మైనర్, కమిట్ అడుగున ‘బ్రేకింగ్ చేంజ్’ ఉంటే మేజర్ పెంచి, ట్యాగ్ వేసి, చిట్టా రాసి, ప్యాకేజీని కూడా తానే ఎక్కించేస్తుంది. మొదటి రిలీజ్‌ను 1.0.0 గానే వేస్తుంది కాబట్టి సున్నా దశలో ఉండాలనుకునే ప్రాజెక్టులకు ఇది కుదరదు. ప్లగిన్ చేర్చకపోతే కొత్త నంబర్‌ను రిపోజిటరీలోని ఫైల్‌లోకి తిరిగి రాయదు. కొత్తవారు దీన్ని లోపం అనుకుంటారు, నిజానికి అసలు నంబర్ ట్యాగ్‌లో ఉంటే చాలన్నది దాని ఆలోచన.

పరీక్షలు దిట్టంగా ఉన్న లైబ్రరీలకు, రోజుకు అనేక మార్పులు కలిసే బృందాలకు ఇంతకంటే సుఖం లేదు. తరుగు మార్పు మాత్రం ఇందులో ‘ఫిక్స్’ పేరుతో, ఎవరూ రెండోసారి చూడకుండానే ప్యాచ్‌గా వెళ్లిపోతుంది. లాక్ ఫైల్ (వాడే వెర్షన్లను ఖరారు చేసే ఫైల్) లేకుండా ^ గుర్తుతో వాడుకునేవారందరికీ తరువాతి ఇన్‌స్టాల్‌లోనే చేరిపోతుంది.

రిలీజ్ ప్లీజ్. గూగుల్ నుంచి వచ్చిన ఈ సాధనం కూడా కమిట్లనే చదువుతుంది, కానీ వెంటనే రిలీజ్ చేయదు. వచ్చే నంబర్‌నూ చిట్టానూ ఒక పుల్ రిక్వెస్ట్‌గా (సమీక్షకు పెట్టే మార్పు ప్రతిపాదనగా) తెరిచి పెట్టి, కొత్త కమిట్లు కలుస్తున్నకొద్దీ దాన్నే సవరిస్తూ ఉంటుంది. మీరు దాన్ని మర్జ్ చేసిన (అసలు కోడ్‌లో కలిపిన) రోజే ట్యాగ్ పడుతుంది. ఆ పుల్ రిక్వెస్ట్ తెరిచినప్పుడు ‘తరుగు లెక్క సవరణ’ అన్న పంక్తి పక్కన 2.3.1 అని కనిపిస్తుంది. వ్యవహారం తెలిసిన మనిషి అక్కడ ఆగి, ‘రిలీజ్ యాజ్ 3.0.0’ అన్న పంక్తితో ఒక కమిట్ చేరిస్తే నంబర్ మారిపోతుంది. ఆ ఒక్క విరామం కోసమే నేను చాలామందికి దీన్ని సూచిస్తాను.

రెండు ఇబ్బందులు తెలుసుకుని దిగాలి. ప్యాకేజీని ఎక్కించడం దీని పని కాదు, ఆ దశను మీరే రాసుకోవాలి. ఆ దశను ట్యాగ్ పడగానే నడిచే వేరే వర్క్‌ఫ్లోగా (సీఐ నడిపే పనుల వరుసగా) పెడితే అది నడవదు, ఎందుకంటే గిట్‌హబ్ తానిచ్చే మామూలు టోకెన్‌తో (అనుమతి తాళంతో) జరిగిన పనులు మరో వర్క్‌ఫ్లోను లేపవు. ట్యాగ్ కనిపిస్తుంది, ప్యాకేజీ రాదు, ఎర్రర్ కూడా ఉండదు. రిలీజ్ జరిగిందా అని అడిగే షరతు పెట్టి, ఎక్కించే దశను అదే వర్క్‌ఫ్లోలో కింద రాసుకోవడం తేలికైన పరిష్కారం. ఇక కమిట్ క్రమశిక్షణ విషయంలో, స్క్వాష్ మర్జ్ (కమిట్లన్నిటినీ ఒక్కటిగా చేసి కలపడం) పెట్టుకుంటే పుల్ రిక్వెస్ట్ శీర్షికే కమిట్ సందేశంగా మారేలా అమర్చుకోవచ్చు. అప్పుడు లోపలి కమిట్లు ఎలా ఉన్నా, శీర్షిక ఒక్కటి సరిగ్గా ఉందో లేదో చూస్తే చాలు.

చేంజ్‌సెట్స్. ఇది కమిట్ సందేశాన్ని నమ్మదు. మార్పు చేసిన మనిషి ఏ ప్యాకేజీ, ఏ స్థాయి, వాడుకరికి ఏం చెప్పాలి అన్న మూడింటినీ ఒక చిన్న ఫైల్‌గా రాసి, కోడ్‌తో పాటే సమీక్షకు పెడతాడు. రిలీజ్ సమయానికి ఆ ఫైళ్లన్నీ కలిసి కొత్త నంబర్లుగా, చిట్టాగా మారతాయి. ఒక ప్యాకేజీ మీద ఆధారపడిన మిగతా ప్యాకేజీల నంబర్లను కూడా అవసరం మేరకు పెంచుతుంది. తరుగు మార్పులో స్థాయి ఎంత అన్న ప్రశ్న కోడ్ రాసిన రోజే, మనసులో సంగతి తాజాగా ఉన్నప్పుడే అడుగుతుంది, సమీక్షకుడు దాన్ని కాదనగలడు. జావాస్క్రిప్ట్ ప్రపంచంలో పలు ప్యాకేజీలున్న రిపోజిటరీలకు ఇదే నా మొదటి సలహా. ఒక్క ప్యాకేజీ ఉన్నచోట మాత్రం ప్రతి మార్పుకూ ఒక ఫైల్ రాయడం భారమనిపిస్తుంది.

పాత వ్యాసాల్లో స్టాండర్డ్ వెర్షన్ అనే సాధనం పేరు కనిపిస్తే దాన్ని వదిలేయండి. దాని నిర్వాహకులే 2022లో దాన్ని ఆపేసి, రిలీజ్ ప్లీజ్ వైపు వెళ్లమన్నారు.

| పద్ధతి | స్థాయి నిర్ణయం | మనిషి ఆపగల చోటు | ప్రధాన కష్టం |
|---|---|---|---|
| చేతి ట్యాగ్ | మనిషి | ట్యాగ్ వేసే ముందు | మరుపు, చిట్టా వాయిదా |
| సెమాంటిక్ రిలీజ్ | కమిట్ సందేశం | మర్జ్ చేసే ముందు మాత్రమే | తప్పు పదం నేరుగా బయటికి |
| రిలీజ్ ప్లీజ్ | కమిట్ సందేశం, మనిషి సవరణ | రిలీజ్ పుల్ రిక్వెస్ట్ | ఎక్కించే దశ సొంతంగా రాయాలి |
| చేంజ్‌సెట్స్ | మార్పు రాసిన మనిషి | సమీక్ష, మళ్లీ రిలీజ్ ముందు | ప్రతి మార్పుకూ ఒక ఫైల్ |

## మీరు ఏ కోవలోకి వస్తారు

మిల్లులకు, పోచంపల్లి, గద్వాల చీరల దుకాణాలకు, ఎరువుల షాపులకు సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసి ఇచ్చేవారైతే, తేదీ నంబర్, చేతి ట్యాగ్, ఆపై అంతా సీఐ చాలు. సీజన్ నడుమ రిలీజ్‌లు తక్కువ, వెళ్లినదాన్ని వెనక్కి తేవడం కష్టం కాబట్టి యాంత్రిక నిర్ణయం వల్ల మీకు ఒరిగేది కొంచెమే. సాఫ్ట్‌వేర్ మొదటి తెర మీదే నంబర్‌ను పెద్ద అంకెల్లో చూపించండి, కమిట్ గుర్తులోని మొదటి ఏడు అక్షరాలను పక్కనే చిన్నగా ఉంచండి. చిట్టాను మాత్రం కమిట్ సందేశాల నుంచి తయారు చేయకండి. ‘రౌండింగ్ లాజిక్ రీఫ్యాక్టర్’ అన్న మాట గుమాస్తాకు ఏమీ చెప్పదు. ‘తరుగును ఇకపై దగ్గరి కిలోకు లెక్కిస్తుంది, పాత బిల్లులు మారవు’ అని తెలుగులో రెండు పంక్తులు చేత్తో రాయండి.

పాలమూరు విశ్వవిద్యాలయంలోనో నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంలోనో చదువుతూ మొదటి ఓపెన్ సోర్స్ లైబ్రరీని ప్రచురించే విద్యార్థులు రిలీజ్ ప్లీజ్‌తో మొదలుపెట్టడం మేలు. కమిట్లు రాసే పద్ధతి దానితోనే అలవడుతుంది, తప్పు రాసినా పుల్ రిక్వెస్ట్ దగ్గర పట్టుబడుతుంది. ఏడాది గడిచాక ఆ పుల్ రిక్వెస్ట్‌ను ఏమీ మార్చకుండానే మర్జ్ చేస్తున్నామని గమనిస్తే, అప్పుడు సెమాంటిక్ రిలీజ్‌కు వెళ్లవచ్చు. పైపీఐకి పంపేవారు పాస్‌వర్డ్‌నో శాశ్వత టోకెన్‌నో సీఐలో దాచాల్సిన పని లేదు. 2023 నుంచి ఉన్న ట్రస్టెడ్ పబ్లిషింగ్ ద్వారా ఆ రిపోజిటరీలోని ఆ వర్క్‌ఫ్లోకే అనుమతి ఇవ్వవచ్చు. చేతులు మారుతూ వెళ్లే విద్యార్థి ప్రాజెక్టుల్లో ఇది చాలా ముఖ్యం.

సొంత సర్వర్ మీద నడిచే సేవ ఒక్కటే ఉన్న బృందానికి వీటిలో ఏదీ అవసరం లేదు. కమిట్ గుర్తునే నంబర్‌గా వాడుకుని, రోజూ ఎన్నిసార్లయినా పంపండి.

## ఉన్న ప్రాజెక్టును మార్చేటప్పుడు

ఇప్పటిదాకా ట్యాగ్‌లే లేని ప్రాజెక్టు అయితే, ముందు కస్టమర్ల దగ్గర నడుస్తున్న కోడ్ ఏ కమిట్‌దో కనిపెట్టి అక్కడ ట్యాగ్ వేయండి. కమిట్లను చదివే సాధనాలు చివరి ట్యాగ్ నుంచే లెక్కపెడతాయి. అది లేకపోతే పాత చరిత్రంతా తవ్వి, సంబంధం లేని నంబర్‌నూ మైలు పొడవు చిట్టానూ ఇస్తాయి. ఎన్‌పీఎంలో ఇప్పటికే 2.3.0 ఉండి, గిట్‌లో ట్యాగ్ లేకుండా సెమాంటిక్ రిలీజ్‌ను నడిపితే, అది 1.0.0 తో మొదలుపెట్టబోతుంది. డ్రై రన్‌లో (ఏదీ బయటికి పంపని ప్రయత్నంలో) పెట్టి, అది చెప్పే నంబర్‌ను చూసిన తరువాతే అసలు టోకెన్ ఇవ్వండి.

మొదటి రిలీజ్‌ను ప్రీ రిలీజ్‌గా, అంటే 3.0.0 కు ముందు ఆర్‌సీ 1 (పరీక్షకు ఇచ్చే మొదటి రిలీజ్ క్యాండిడేట్) గా పంపి, ఒక్క మిల్లులోనో ఒక్క వాడుకరి దగ్గరో నడిపి చూడండి. అందులో ఏదైనా చెడితే అదే ట్యాగ్‌ను కొత్త కమిట్ మీదకు జరపకుండా ఆర్‌సీ 2 వేయండి. గో మాడ్యూల్ ప్రాక్సీ వంటివి మొదట చూసిన ప్రతిని దాచుకుంటాయి కాబట్టి, జరిపిన ట్యాగ్ కొందరికి పాత కోడ్‌ను, కొందరికి చెక్‌సమ్ (కోడ్ మారలేదని సరిచూసే విలువ) ఎర్రర్‌ను ఇస్తుంది. మిల్లులకు ఇచ్చేవారు ఈ పనంతా వానాకాలం ధాన్యం రావడం మొదలయ్యే అక్టోబర్‌కు ముందే ముగించుకోవాలి; లారీలు బారులు తీరిన రోజుల్లో ఆర్‌సీని ప్రయత్నించి చూడడానికి ఏ మిల్లూ ఒప్పుకోదు.